పెళ్లి రొట్టె ఎక్కడ?

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్టేషన్ బయట ఆటో ఎక్కి "దర్గామిట్ట" అన్నామనుకోండి, డ్రైవర్ ముందు రేటు మాట్లాడడు. "ఏ రొట్టెకి మా?" అని అడుగుతాడు. మమ్మల్నీ అడిగాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచుకున్నా. అమ్మకి ఆ మొహమాటాలేం లేవు. "పెళ్లి రొట్టెకి నాయనా, మా అమ్మాయికి" అనేసింది. అతను అద్దంలోంచి నన్నోసారి చూసి, "మా చెల్లెలు కూడా రెండేళ్ల కింద అదే తీసుకుంది మా. ఈసారి సంతాన రొట్టెకి వచ్చింది" అన్నాడు, పక్కింటి విషయం చెప్పినంత మామూలుగా.

నాకు 28 ఏళ్లు. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఉంటుంది. ఇద్దరికీ మధ్యలో నెల్లూరు. ఆవిడ పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఇటు నుంచి వచ్చింది, నేను అటు నుంచి వచ్చా. 2025లో రొట్టెల పండుగ జూలై 6న మొదలైంది, ఆదివారం. మేం సోమవారం వెళ్లాం. ఆఫీసులో సెలవుకి కారణం 'ఫ్యామిలీ ఫంక్షన్' అని రాశా. పూర్తిగా అబద్ధమేం కాదు.

ఈ పండుగ గురించి టీవీలో చూసే ఉంటారు. బారాషహీద్ దర్గా, పక్కనే స్వర్ణాల చెరువు, మోకాటి లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకోవడం. రాష్ట్ర పండుగగా ప్రభుత్వం గుర్తించింది కూడా. 'బారా షహీద్' అంటే పన్నెండు మంది అమరులు. లోపల పన్నెండు సమాధులున్నాయి. కొడవలూరు దగ్గర గండవరంలో జరిగిన యుద్ధంలో పన్నెండు మంది వీరుల తలలు తెగిపడ్డాయనీ, మొండేలను గుర్రాలే ఈ చెరువు గట్టు దాకా మోసుకొచ్చాయనీ, అవి ఆగిన చోటే సమాధులు కట్టారనీ చెప్పుకుంటారు.

రొట్టెల కథ వేరే. నాకు అదే ఎక్కువ ఇష్టం. ఆర్కాటు నవాబుల కాలంలో ఒక రజక దంపతులు ఈ చెరువులో బట్టలు ఉతుక్కుంటూ పొద్దుపోయి గట్టు మీదే నిద్రపోయారట. ఆమె కలలోకి ఆ అమరులు వచ్చి, నవాబు భార్య జబ్బుతో ఉందనీ, తమ సమాధుల దగ్గర మట్టి తీసుకెళ్లి నుదుట రాస్తే నయమవుతుందనీ చెప్పారట. మర్నాడు ఊళ్లోకి వెళ్తే అక్కడ అదే జబ్బు గురించి దండోరా వేస్తున్నారు. మట్టి వెళ్లింది, బేగం లేచి కూర్చుంది. నవాబు భార్యతో సహా కృతజ్ఞత చెప్పుకోవడానికి ఇక్కడికి వచ్చి, వెంట తెచ్చుకున్న రొట్టెల్ని అక్కడున్నవాళ్లతో పంచుకున్నాడు. అదే ఆనవాయితీ అయింది. చరిత్ర ఎంతో, కథ ఎంతో విడదీసే పని నాది కాదు. కానీ ఈ కథలో కల వచ్చింది బేగంకి కాదు, మౌల్వీగారికీ కాదు. బట్టలుతికే ఆమెకి. ఇక్కడికొచ్చే జనంలో ముస్లింల కంటే మిగతావాళ్లే ఎక్కువ కనిపించడానికి ఈ కథకీ సంబంధం ఉందని నా అనుమానం.

ఇక మా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మేం అక్కడికి ఎందుకు వెళ్లామో, వెళ్లడం ఎందుకు అంత రభస అయిందో అర్థం కాదు.

మేం దూదేకుల వాళ్లం. నూర్‌బాషాలు అని కూడా అంటారు. దూది ఏకి పరుపులు కుట్టడం మా తాతల వృత్తి. ఇప్పుడు దాంతో బతికేవాళ్లు మా చుట్టాల్లో ఎవరూ లేరు, పేరు మాత్రం మిగిలింది. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అమ్మని అమ్మ అంటాం, అమ్మీ అనం. నమాజు అరబ్బీలో చదువుతాం, పోట్లాట తెలుగులో వేసుకుంటాం. ఉర్దూ నాకు హిందీ సినిమాల పుణ్యమా అని అర్థమవుతుంది, మాట్లాడితే నవ్వుతారు. మా అమ్మమ్మ మెడలో నల్లపూసలతో పాటు తాళిబొట్టు కూడా ఉండేది. మా వైపు ఏ హిందువుల పెళ్లికి వెళ్లినా సన్నాయి ఊదేది సాయిబే. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టింది మా ప్రకాశం జిల్లా కరవదిలోనే. మా పెళ్లిళ్లలో మాత్రం సన్నాయి ఉండదు. ఈ మధ్య డీజే వస్తోంది, అది వేరే బాధ.

దీనివల్ల పెళ్లి సంబంధాల దగ్గర ఏమవుతుందంటే, రెండు వైపులా లెక్క తప్పుతుంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక సంబంధంలో అబ్బాయి తల్లి పావుగంట సేపు మా ఇల్లంతా చూసి, టీ తాగి, చివరికి "ఘర్ మే తెలుగే మాట్లాడతారా?" అని అడిగింది. ఆ 'ఏ' దగ్గరే సంబంధం అయిపోయింది. ఇస్లాంలో కులం లేదని మేం అందరికీ చెప్తాం, నిజంగానే లేదు. అరబ్బుకి అరబ్బు కానివాడి మీద ఏ ఆధిక్యమూ లేదని ప్రవక్త చెప్పారని చిన్నప్పుడు మదర్సాలో నేర్పారు. పెళ్లిచూపుల గదిలోకి వచ్చేసరికి ఆ పాఠం చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. అలాగని మావాళ్లలో మాకు తేలిగ్గా కుదురుతుందా అంటే, అక్కడ అడిగేది భాష కాదు, అంకె. ఇంజినీరు అబ్బాయికి ఇంత, బెంగళూరులో ఫ్లాట్ ఉంటే ఇంత, అమెరికా అయితే ఇంకా ఇంత.

ఈసారి కుదిరేలా ఉన్న సంబంధం ఇంకో రకం. అబ్బాయి విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. మాట్లాడుకున్నాం, నచ్చాడు. ఫోన్లో గంట మాట్లాడాక కూడా పెట్టేయాలనిపించని మనిషి ఇన్నేళ్లలో ఇతనే. వాళ్ల నాన్న జమాత్‌లో తిరిగే మనిషి, ఏడాదికి నలభై రోజులు ఊరూరా మసీదుల్లో ఉండి దీన్ గురించి చెప్పే రకం. ఆయన మధ్యవర్తి ద్వారా అడిగించిన మొదటి ప్రశ్న "దర్గాలకి వెళ్తారా?" అని. అమ్మ ఒక్క క్షణం ఆగి "వెళ్తామండీ" అంది. మధ్యవర్తి నెత్తి కొట్టుకున్నాడట. అప్పటి నుంచి అటు వైపు జవాబు లేదు. ఆ జవాబు రాని వారంలోనే రొట్టెల పండుగ పడింది.

"ఇప్పుడు మళ్లీ దర్గాకేనా? ఎవరైనా ఫొటో తీసి పెడితే?" అన్నా.

"అబద్ధం చెప్పి చేసుకునే పెళ్లి ఎందుకే" అంది అమ్మ. ఇంక ఆ మాట మీద వాదించడానికి ఏముంది?

మా చిన్నాన్న మాత్రం వాదించాడు. ఆయనా జమాత్ మనిషే. సమాధుల దగ్గర కోరికలు కోరడం తౌహీద్‌కి విరుద్ధం, అడిగేదేదో నేరుగా అల్లాహ్‌నే అడగాలి, మధ్యలో ఎవరూ అక్కర్లేదు, ఇదీ ఆయన వాదన. మేం అడిగేదీ అల్లాహ్‌నే, ఆయనకి ఇష్టమైనవాళ్ల గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నాం అంతే, ఇదీ అమ్మ వాదన. మన దేశంలో ముస్లింల మధ్య ఈ వాదన నూరేళ్ల పైబడి నడుస్తోంది, పెద్ద పెద్ద ఉలమాలే తేల్చుకోలేదు, మా వంటింట్లో తేలుతుందా? చివర్లో చిన్నాన్న ఒక మాటన్నాడు. "వదినా, రొట్టె తింటే పెళ్లిళ్లు కావు. కట్నం మానేస్తే అవుతాయి."

ఇది ఆయన ఊరికే అన్న మాటైతే నేనూ పట్టించుకోకపోదును. కానీ మా చుట్టాల్లో కొడుక్కి రూపాయి కట్నం తీసుకోకుండా, మసీదులో నికాహ్ చేసి, వలీమా భోజనం తన ఖర్చుతో పెట్టిన ఒకే ఒక్కడు మా చిన్నాన్న. ఏటా దర్గాలో చాదర్ కప్పి వచ్చే మా పెద్దమామయ్య ఇద్దరు కొడుకులకీ కలిపి తీసుకున్న కట్నంతో ఒంగోలులో మేడ వేశాడు. మనుషుల్ని 'కఠినమైనవాళ్లు', 'మంచివాళ్లు' అని రెండు డబ్బాల్లో వేసే నా అలవాటుకి మా ఇల్లే పెద్ద అడ్డం.

సరే, చెరువు దగ్గరికి వద్దాం.

గేటు దాటగానే తలమీద గుడ్డ వేసుకోమంటారు. ఆడవాళ్లు కొంగో చున్నీయో, మగవాళ్లు జేబురుమాలో. దర్గా దర్శనానికి క్యూ చాలా పొడుగు. దారి పొడుగునా పూల చాదర్లు, అగరొత్తులు, చక్కెర ప్రసాదం, మలై కాజా, బొమ్మలు, గాజులు. ఒక పక్క పోలీసుల మైకు: తప్పిపోయిన పిల్లలు, తప్పిపోయిన పర్సులు, తప్పిపోయిన మొగుళ్లు. సమాధుల దగ్గర మాత్రం ఆ రొదంతా కొంచెం దూరం జరిగినట్టుంటుంది. మా ముందు ఒక ముసలాయన, నుదుట విభూతి రేఖలు, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆయన పక్కన ఒక కుర్రాడు అరచేతులు పైకి చాపి దుఆ చేస్తున్నాడు. మేం ఫాతెహా చదివి బయటికొచ్చాం. అమ్మ ఏం కోరుకుందో అడగలేదు, తెలుసు కాబట్టి.

ఘాట్ దగ్గర అసలు సందడి. నీళ్లలో బోర్డులు పాతి ఉన్నాయి: విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, వివాహ రొట్టె, గృహ రొట్టె, వీసా రొట్టె. బోర్డులు ఎన్నున్నా పని జరిగేది కేకల మీదే. "సంతాన రొట్టె ఉందా అమ్మా, సంతానం!" "ఇదిగో ఉద్యోగం, ఉద్యోగ రొట్టె!" కూరగాయల మార్కెట్లో ధరలు అరిచినట్టు జనం తమ కష్టాలను అరుస్తుంటారు. మామూలు రోజుల్లో పిల్లలు లేరన్న మాట పక్కింటికి వినపడకుండా దాచుకునే మనిషి ఇక్కడ వందమందిలో గొంతెత్తి చెప్తుంది. ఎవరూ విచిత్రంగా చూడరు, ఎందుకంటే చూసేవాడి చేతిలోనూ ఒక కష్టం ఉంది. నాకు ఈ పండుగలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

పద్ధతి చెప్తాను. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. ఆ కోరిక అంతకుముందే తీరినవాళ్లు ఇస్తారు. తీసుకున్న రొట్టెను అక్కడే నీళ్లలో నిలబడి తినాలి. కోరిక తీరితే వచ్చే ఏడాది రొట్టె చేసుకొచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి ఇవ్వాలి. పూజారి లేడు, రసీదు లేదు, రేటు లేదు. మా వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది, నేను వెంటనే అనుకున్నా: ఇక్కడ రివ్యూ రాసేది కోరిక తీరినవాళ్లే, తీరనివాళ్లు ఇవ్వడానికి రారు, కాబట్టి కనిపించేవన్నీ ఐదు చుక్కలే. ఈ మాట అమ్మతో అంటే, "తీరనివాళ్లు రారని ఎవరు చెప్పారు? వాళ్లే మళ్లీ తీసుకోవడానికి వస్తారు" అంది. ఆవిడ మూడేళ్లుగా వస్తోంది మరి.

పెళ్లి రొట్టె బోర్డు చుట్టూ ఎక్కువమంది తల్లులే. కూతుళ్లున్నవాళ్ల కంటే కొడుకులున్నవాళ్లు ఎక్కువ కావడం చూసి ఆశ్చర్యపోయా. "మావోడికి ముప్పై నాలుగు. పొలం ఉందంటే పిల్లనివ్వరంట" అని ఒకామె. పొలం లేదని పిల్లనివ్వని రోజులు మా నాయనమ్మ చెప్పేది.

మాకు రొట్టె ఇచ్చినామె పొదిలి వైపు నుంచి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతిలో స్టీలు డబ్బా. గోధుమ రొట్టెలు, మధ్యలో బెల్లం. కిందటేడు ఇక్కడే తీసుకుందట, మే నెలలో కూతురి పెళ్లి చేసింది. డబ్బా మూత తీస్తూ మామూలుగానే అడిగింది, "మీరేమిట్లమ్మా?"

"సాయిబులం" అంది అమ్మ.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నాకు గుండె కొంచెం జారింది. ఆమె మాత్రం నాలుక కరుచుకుని, "అయ్యో, ఇది మీ దేవుడి పండగ కదమ్మా. మీ చేత మేం తీసుకోవాల గానీ, మీకు నేనిచ్చేదా?" అంది.

"దేవుడికి మీ రొట్టె, మా రొట్టె అని ఉందా వదినా, ఇయ్యి" అని అమ్మే చెయ్యి చాపింది.

రొట్టె నా చేతిలోకి వచ్చింది. ఆమె నా తలమీద తడిచెయ్యి పెట్టి ఏదో అనుకుంది. అమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "కట్నం లేకుండా కుదిరిందా?"

ఆమె నవ్వింది. "రొట్టె పెళ్లి కుదిరిస్తాది వదినా. కట్నానికి ఎకరం అమ్మినాం."

ఇద్దరూ నవ్వుకున్నారు, ఆ నవ్వులో సంతోషం ఏమీ లేదు. నేను రొట్టె నముల్తూ చిన్నాన్నని తల్చుకున్నా.

నిజానికి మాలో పెళ్లికి డబ్బు ఇవ్వాల్సింది మగవాడు. నికాహ్ ఒక ఒప్పందం. ఒకవైపు నుంచి ప్రస్తావన, ఇంకోవైపు నుంచి ఒప్పుకోలు, ఇద్దరు సాక్షులు, మెహర్. ఇవీ ముఖ్యం. వధువు తరఫున వకీలుగా నిలబడే పెద్దమనిషి సాక్షులతో ఆమె గదిలోకి వెళ్లి, ఫలానా వారి అబ్బాయితో, ఇంత మెహర్‌కి నీకు ఇష్టమేనా అని అడగాలి. ఆమె ఒప్పుకుంటేనే బయట ఖాజీ ముందుకి సాగుతాడు. ఖుత్బా, ఖుబూల్, సంతకాలు, దుఆ, ఖర్జూరాలు. అరగంటలో అయిపోతుంది. భోజనాలకి పట్టేదే ఎక్కువ సేపు.

ఇందులో మెహర్ అనేది భార్యకి భర్త ఇచ్చుకోవాల్సిన సొమ్ము. పూర్తిగా ఆమె సొంతం. తండ్రికి గానీ అత్తకి గానీ దాని మీద హక్కు లేదు. ఖుర్ఆన్‌లో నాలుగో సూరా పేరే 'స్త్రీలు'. దాని మొదట్లోనే, నాలుగో వాక్యంలో, మెహర్ సంతోషంగా ఇచ్చేయమని మగవాళ్లకి ఆదేశం ఉంది. వాళ్లంతట వాళ్లు మనస్ఫూర్తిగా కొంత వదులుకుంటే అప్పుడు మీరు వాడుకోవచ్చు అని కూడా అందులోనే ఉంది. అక్కడికక్కడే ఇస్తే ముఅజ్జల్, తర్వాత ఇస్తానంటే మువజ్జల్. పలకడంలో ఉన్న తేడా ఎంతో, మావాళ్లకి ఆచరణలో కనిపించే తేడా కూడా అంతే. 'తర్వాత' అంటే ఎప్పటికీ రానిది. మన దేశంలో 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కూడా కట్నం అంటే ఏమిటో చెబుతూ, షరియత్ వర్తించేవారి మెహర్ అందులోకి రాదని విడిగా రాసింది. చట్టం రెండిటినీ వేరు చేసింది. మేం కలిపేశాం: కట్నం లక్షల్లో చేతికి, మెహర్ వేలల్లో కాగితం మీద.

మా అమ్మ మెహర్ 1,116 రూపాయలు. అవును, పదకొండొందల పదహార్లు. ఖాజీగారు అరబ్బీలో ఖుత్బా చదివి, మా తాతగారు తెలుగు లెక్కలో మెహర్ కట్టారు. నాన్న మంచి మనిషే, ఎప్పుడూ అమ్మ మాట కాదనలేదు. కానీ ఆ 1,116 ఇవ్వాలని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. అడగాలని అమ్మకీ తట్టలేదు.

నాలుగేళ్ల కిందట నాన్న పోయారు. జనాజా ఎత్తే ముందు ఆడవాళ్లు అమ్మని దగ్గరికి తీసుకొచ్చి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అన్నారు. మా వైపు అది ఆనవాయితీ. మెహర్ భర్త మీద అప్పు. అప్పుతో పోకూడదని పోయినవాడి తరఫున అలా అడుగుతారు. అప్పు తీర్చే దారి ఇంకోటి ఉంది. ఆస్తి పంచుకునే ముందే అందులోంచి భార్య మెహర్ ఇచ్చేయాలి, షరియత్ చెప్పేది అదే. ఆ గదిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను ఏడుస్తూ నిలబడి అమ్మ ముఖం చూస్తున్నా. ఆవిడ "మాఫ్ చేశా" అంది. మనస్ఫూర్తిగానే అంది, నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో ఏ ఆడదైనా ఇంకోటి అనగలదా? 1,116 రూపాయలు పెద్ద మొత్తమేం కాదు. ఆవిడ ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన రోజున ఆవిడకంటూ రాసిన ఒకే ఒక్క అంకె అది.

ఆ రోజే నాకొక నిర్ణయం కుదిరింది. నా మెహర్ నికాహ్ రోజునే నా చేతికి రావాలి. ఎంతైనా సరే, కానీ అదే రోజు.

రొట్టె తిన్నాక గట్టు మీద కూర్చున్నాం. సాయంత్రం ఎండ చెరువు మీద పడి నీళ్లు కళ్లలోకి కొడుతున్నాయి. ఫోన్ మోగింది. మధ్యవర్తి. అటువాళ్ల జవాబు వచ్చింది. వాళ్లకి సంబంధం ఇష్టమే. ఒకటే షరతు: పెళ్లయ్యాక అమ్మాయి దర్గాలకి వెళ్లకూడదు. ఆ ఫోన్ దర్గా గట్టు మీద, తడి చుడీదార్ పిండుకుంటూ వినాల్సి వచ్చింది. చెవిలో ఆయన గొంతు, వెనకాల మైకులో ఖవ్వాలీ.

"ఎక్కడున్నారమ్మా, ఏంటా గోల?" అన్నాడాయన.

"నెల్లూరులో బాబాయ్, రొట్టెల పండగలో" అన్నా. అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

తర్వాత నేను చెప్పాల్సింది చెప్పా. దర్గా సంగతి అబ్బాయితో నేనే మాట్లాడుకుంటా. నాకూ రెండు షరతులున్నాయి. కట్నం అనేది ఏ పేరుతోనూ ఉండకూడదు, జోడా డబ్బు అనీ, లాంఛనాలు అనీ, కారు అనీ ఏదీ వద్దు. మెహర్ ఎంతో అబ్బాయే చెప్పొచ్చు, కానీ నికాహ్ రోజు చేతికివ్వాలి. ఇవి దీన్‌లో ఉన్నవే కాబట్టి పెద్దాయనకి అభ్యంతరం ఉండదనుకుంటున్నా అని కూడా అన్నా. ఆ చివరి వాక్యం కొంచెం కొంటెగానే అన్నాను, ఒప్పుకుంటా.

అమ్మకి కోపం వచ్చింది. "పెద్దవాళ్ల మాటలు నువ్వు మాట్లాడతావేందే? రొట్టె గొంతు దిగకముందే సంబంధం చెడగొట్టుకుంటావా?" అని అరగంట మాట్లాడలేదు. తర్వాత మలై కాజా కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది, ఇంకా మాట్లాడకుండానే.

ఆ రాత్రి గంధం చూసే వెళ్లాం. కోటమిట్ట వైపు నుంచి ఊరేగింపుగా గంధం వస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయాక, ఫకీర్ల దఫ్పుల మోతతో, అది దర్గా చేరేసరికి జనంలో ఊపిరాడదు. ఆ గంధం కాస్త చేతికి అంటితే చాలని ఒకరి మీద ఒకరు పడతారు. చిన్నపిల్లలున్నవాళ్లు ఆ వేళకి గేటు దగ్గర ఉండకపోవడం మంచిది. పగలు రొట్టెలు మార్చుకుని సాయంత్రానికి వెళ్లిపోయినా చూడాల్సింది చూసినట్టే. మాకు దూరం నుంచే వాసన దక్కింది. అమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. నేను అబ్బాయికి మెసేజ్ పెట్టా: ఎక్కడున్నానో, ఏం తిన్నానో, వాళ్ల నాన్నకి ఏం కబురు పంపానో అన్నీ. దాచడానికి ఏమీ మిగల్లేదు.

తెల్లారి చెన్నై రైల్లో ఉండగా జవాబొచ్చింది. కట్నం వద్దని తను ముందే ఇంట్లో చెప్పాడట, నాన్నకి అది ఇష్టమేనట, ఇబ్బంది పడుతోంది అమ్మట. ఇద్దరు అక్కల పెళ్లిళ్లకి తామిచ్చిన డబ్బు ఎలా పూడుతుందని ఆవిడ బాధ. దర్గా గురించి ఒక్క వాక్యమే రాశాడు: "మా నాయనమ్మ బతికున్నప్పుడు నన్ను ఎత్తుకుని అక్కడికే తీసుకెళ్లేది, నాన్నకి తెలియకుండా."

ఇప్పటికి మాటలు నడుస్తున్నాయి. వాళ్లమ్మ ఒకసారి ఫోన్ చేసి నాతో మాట్లాడింది, వంట వచ్చా అని అడగలేదు, జీతం ఎంతని అడిగింది. మెహర్ అంకె ఇంకా తేలలేదు. చిన్నాన్న ఈ విషయంలో పూర్తిగా నా పక్షం. వకీలుగా నేనే నిలబడతానని అమ్మతో చెప్పాడట. అమ్మ తెచ్చిన రొట్టె ముక్క మాత్రం తీసుకోలేదు. పిన్ని తీసుకుంది.

వచ్చే ఏడాది మొహర్రం పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి రొట్టెల పండుగ జూన్ చివర్లోనే వస్తుంది. పెళ్లయితే రొట్టెలు చేసుకుని ఇవ్వడానికి వెళ్లాలి. కాకపోతే తీసుకోవడానికి. ఏదైనా సెలవు ఇప్పుడే అడిగి ఉంచమని అమ్మ రోజూ ఫోన్లో గుర్తుచేస్తోంది. గోధుమపిండి మాత్రం ఒంగోలులో తను ఆడించిందే తెస్తుందట.